చాలు అనే చుక్క

మసీదుకు పోవలసిన పళ్ళెం అజాన్ కంటే ముందే ఖాళీ అయింది.

ఆత్మకూరు దూదేకుల వాడలో రంజాన్ నెలంతా ఒక పద్ధతి నడుస్తుంది. పొద్దు వాలుతుండగా ఇంటింటి నుంచీ మసీదుకు పళ్ళెం పోతుంది. బస్సు దిగిన బాటసారులూ, వండిపెట్టే దిక్కులేని ముసలివాళ్ళూ అక్కడే ఉపవాసం విడుస్తారు. ఆ సాయంత్రం ఖాసీంబీ తన పళ్ళెం అరుగు మీద పెట్టి, తువాల కప్పి, ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి తువాల పక్కన పడి ఉంది. ఖర్జూరాలు లేవు, మిర్చి బజ్జీలు లేవు, పుచ్చకాయ ముక్కలకు తొక్కలే మిగిలాయి. అరుగు కింద పక్కింటి జేబా కూర్చుని శనగ గుగ్గిళ్ళు రెండు చేతులా నోట్లో కుక్కుకుంటోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. దొంగతనంగా తినే పిల్లలు మనిషి అలికిడికి ఉలిక్కిపడతారు. జేబా ఉలిక్కిపడలేదు. ఖాసీంబీ జబ్బ పట్టి లేపుతున్నా నమలడం ఆపలేదు.

పిల్ల నానమ్మ ఇమాంబీ వాకిట్లో పెళ్ళిపరుపుకు అంచు కుడుతోంది. దబ్బనాన్ని గుడ్డలోంచి లాగి, పురికొస బిగించి, దూది ఎక్కడైనా గడ్డకట్టిందేమోనని అరచేత్తో పైనుంచి నిమురుతోంది. ఆ పరుపు ఎల్లుండికల్లా మక్తల్ పోవాలి.

“ఇమాంబక్కా, నీ మనుమరాలిని జర సూడు. రోజా ఉన్నోళ్ళ నోటికాడిది తిన్నది” అంది ఖాసీంబీ.

“చిన్నపిల్ల గదనే. దానికి రోజా ఎక్కడిది?”

“మాకు లేరా చిన్నపిల్లలు? గిట్ల ఎవరు తింటరు? ఇంట్ల పెట్టకుంటే బయట తినక ఏంజేస్తది?”

ఆ చివరి మాట ఇమాంబీకి కోపం తెప్పించలేదు. పైగా తన మనసులో ఉన్నదే ఎదుటి మనిషి అన్నందుకు లోపల్లోపల తృప్తిగా కూడా ఉంది. ఆమె వంటింటి తలుపు వైపు చూసింది. తలుపుకు తాళం ఉంది. పట్నం డాక్టరు పిల్ల నుంచి రక్తం తీసిన రోజు చెప్పిందట, పరీక్ష ఫలితం వచ్చేదాకా తిండి పిల్లకు అందకుండా పెట్టమని. మర్నాడే కోడలు హసీనా తాళం కొనుక్కొచ్చింది. డాక్టరు ఏదో అంటే మాత్రం, కన్నతల్లి అన్నానికి తాళం వేస్తుందా?

హసీనా బయటికి వచ్చింది. కూతురి చేతులు కడిగి, మూతి తుడిచి, వంటింటి తాళం తీసి, తమ ఇఫ్తార్ కోసం చేసుకున్నదంతా ఒక పళ్ళెంలో సర్ది ఖాసీంబీ చేతిలో పెట్టింది. ఆ రోజు ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురూ మంచినీళ్ళతో, తలా ఒక ఖర్జూరంతో రోజా విడిచారు. జేబా వాళ్ళ నోళ్ళ వైపే చూస్తూ, మోచేతి మీది పాత పొక్కును గిల్లుకుంటూ కూర్చుంది.

ఇమాంబీకి ఒళ్ళు మండిపోయింది. ఈ పిల్ల పుట్టినప్పుడు గుక్కపెట్టి ఏడవలేదు. ఎత్తుకుంటే తల ఒక పక్కకు, కాళ్ళు ఒక పక్కకు వాలిపోయేవి. పాలు చీకే శక్తి లేదు. తమ దుకాణంలో మిషన్ మీద ఏకిన దూదిలో తెల్లటిది ఏరి, వత్తి చేసి, మేకపాలలో ముంచి, చుక్క చుక్కగా పెదవుల మధ్య పిండింది తాను. బతకదన్న పిల్ల అలా బతికింది. రెండేళ్ళు దాటాక ఒకనాడు తనంతట తానే చెయ్యి చాచి రొట్టెముక్క అడిగితే, ఇమాంబీ దర్గాలో చక్కెర పంచింది. తల్లి పాలు తాగని కరువు పిల్ల ఇప్పుడు తీర్చుకుంటోందని వాడంతా చెప్పుకుంది. ఆ తల్లికి పాలే లేవని, తప్పంతా ఆమెదేనని కూడా వాడ చెప్పుకుంది. ఆ మాటను మొదట ఎత్తింది ఇమాంబీయే.

“రేపు పట్నం నేను పోత” అంది ఆమె కొడుకు హమీద్‌తో. “నీకు పరుపుల పనుంది. ఫలితం వచ్చిందన్నరు గద. ఆ డాక్టరమ్మతోనే తేల్చుకుంట. బువ్వకు తాళమేందో అడుగుత.”

హమీద్ పెళ్ళాం వంకా, తల్లి వంకా చూసి, “సరే పో” అన్నాడు. ఇద్దరి మధ్య మాట్లాడి బాగుపడ్డ మగవాడిని అతను ఇంతవరకు చూడలేదు.

*

తెల్లవారుజామున సహర్ వేళ హసీనా అటు తిరిగి నీళ్ళు ముంచుతుండగా ఇమాంబీ రెండు రొట్టెల్లో చక్కెర చుట్టి కొంగున కట్టుకుంది. బస్సు కొత్తకోట దాటాక హసీనా కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. అప్పుడు ఇమాంబీ మూట విప్పింది. జేబా రెండు రొట్టెలూ గబగబా తినేసి కొంగు ముడిలో మిగిలిన చక్కెర పలుకులను వేలికి అద్దుకుని నాకింది. ఇమాంబీకి కడుపు నిండినట్టయింది. నిజానికి ఆమె కడుపు ఖాళీగా ఉంది. ప్రయాణంలో రోజా విడవవచ్చని హసీనా చెప్పినా ఆమె వినలేదు. చిన్నప్పటి నుంచి ఒక్కటీ తప్పించలేదు, ఇప్పుడేం తప్పిస్తుంది?

జడ్చర్లలో బస్సు ఆగినప్పుడు పల్లీలవాడు ఎక్కాడు. జేబా మెడ ఆ బుట్టతో పాటు తిరిగింది. బుట్ట వెనకకు పోతే వెనకకు, ముందుకు వస్తే ముందుకు. వాడు దిగిపోయాక కూడా రోడ్డు మీద వాడు కనబడినంతసేపు చూసింది. ఇప్పుడే కదా రెండు రొట్టెలు తిన్నది అని ఇమాంబీకి మొదటిసారిగా ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది.

దవాఖానలో డాక్టర్ శోభ గది చిన్నది. ఆమె కూడా పాలమూరు వైపు మనిషే. పలకరింపుతోనే తెలిసిపోయింది. ఇమాంబీ కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టింది.

“డాక్టరమ్మా, నేను ఒక్క మాట అడగనీకే వచ్చిన. పసిపిల్ల అన్నానికి తాళమేసుడు ఏ చదువుల ఉన్నది?”

“చెప్త పెద్దమ్మా. ముందుగాల ఇది సూడుండ్రి.”

కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. నల్లటి తెర మీద నీలంగా, పొట్టి పొట్టిగా, కుప్ప పోసినట్టు ఏవో ఉన్నాయి. కొన్నింటి మీద రంగు చుక్కలు వెలుగుతున్నాయి.

“పురుగులా ఇవి?”

“కావు పెద్దమ్మా. ఇవి జేబా ఒంట్లయే. కంటికి కానరావు, మిషన్ల పెట్టి ఫొటో తీసినం. క్రోమోజోములు అంటరు. నీ ఒంట్ల, నా ఒంట్ల, అందరి ఒంట్ల జతలు జతలుగా ఉంటయి. జతల ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. మనిషి ఎట్ల తయారు కావాలె, ఎట్ల నడవాలె అన్నది వీటిల్లనే ఉంటది.” పెన్సిలు కొన ఒక చోట ఆనించింది. “ఇది పదిహేనో జతల ఒకటి. దీని మీద ఎర్ర చుక్క కనబడ్తుందా?”

“కనబడ్తుంది.”

“ఇగ ఇది దాని జోడు. దీని మీద సూడుండ్రి.”

ఇమాంబీ తెరకు దగ్గరగా జరిగింది. నెలవంక కోసం మిద్దె మీద నిలబడి అందరూ చూపించిన దిక్కు వెతికినట్టు, కళ్ళు చికిలించి వెతికింది. పచ్చ చుక్క ఉంది. ఎర్ర చుక్క లేదు.

“లేదు” అంది.

“అదే పెద్దమ్మా. ఆ జాగాల చిన్న ముక్క లేదు. పుట్టుకతోనే లేదు. దీనికి ప్రేడర్-విల్లీ అని పేరు. వేలమంది పిల్లలల్ల ఒకరికి వస్తది. పుట్టినప్పుడు మెత్తగ ఉంటరు, పాలు చీకలేరు. అది తల్లి పాల తప్పు గాదు, పిల్ల చీకనే లేదు. చీకకుంటే ఏ తల్లికి పాలు నిలుస్తయి? తర్వాత రెండు మూడేండ్లకు ఆకలి మొదలైతది. ఇగ అది ఆగదు.”

హసీనా తల వంచుకుని కూతురి వేళ్ళు సవరిస్తోంది. జేబావి వయసుకు చాలా చిన్న చేతులు. ఇమాంబీ కోడలి వైపు చూడలేకపోయింది.

“ఆకలి ఆగదంటే?”

“మనం తిన్నంక తలకాయల ఒక జాగా ఉంటది, చాలు అని చెప్తది. మనం చెయ్యి కడుక్కుంటం. జేబాకు ఆ మాట రాదు. కడుపు నిండినా తెలువదు. పొద్దున లేచిన కాడికెల్లి పండుకునేదాక ఆకలే. నిద్రల గూడ ఆకలే. దొంగతనం గాదు, చెడ్డ అలవాటు గాదు.”

ఇమాంబీ మళ్ళీ తెర చూసింది. ఇంత చిన్న చుక్కా? ఆ పిల్లకు తానే నీళ్ళు పోసింది, తానే నూనె రాసింది, ఒంటి మీద ప్రతి మచ్చా తనకు తెలుసు. ఆ ఒంటి లోపల, ఎవరి చెయ్యీ చేరని చోట, చాలు అనే మాట ఇలా చుక్కగా రాసి ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. తన లోపలా ఉందట. అరవై ఏళ్ళుగా వెలుగుతూనే ఉందట. ఆమెకు ఒళ్ళు జలదరించింది. భయమో భక్తో తెలియలేదు. నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడు ఒక్కోసారి అలా అవుతుంది.

“ఈ లేనిది ఎవరిది? తల్లిదా, తండ్రిదా?” అని అడిగింది చివరికి.

“తండ్రి వైపు నుంచి వచ్చినదాంట్ల లేదు.”

“మా హమీద్...”

“ఆయన తప్పు ఏం లేదు పెద్దమ్మా. ఆయన ఒంట్ల అది మంచిగనే ఉన్నది, పరీక్ష చేసినం. విత్తనం తయారయ్యేటప్పుడు ఒక్కదాంట్ల తెగిపోయింది. ఎవ్వరూ తెంపలేదు. ఎవరికన్నా కావచ్చు.”

“మరి తల్లి ఇచ్చినదాంట్ల ఉన్నది గద. ఒక్కటన్న ఉంటే సాలదా?”

శోభ చిన్నగా నవ్వింది. మంచి ప్రశ్న అడిగిన వాళ్ళను చూసి నవ్వే నవ్వు. “అదే వింత. తల్లి ఇచ్చినదాంట్ల ఆ జాగ నిద్రపోతది. పని చేయవలసింది తండ్రి ఇచ్చినదే. దేవుడో ప్రకృతో, ఎవరు పెట్టిండ్రో ఆ నియమం.”

“ఏది తల్లిది ఏది తండ్రిది అని ఒంటికి ఎట్ల ఎరుక?”

“గుర్తు ఉంటది. పుట్టకముందే గుర్తు పెట్టుకుంటది. అది ఇంకా పూర్తిగ మాకు గూడ అంతు చిక్కలే.”

ఆ తర్వాత ఆమె చాలా చెప్పింది. తిండికి వేళ ఉండాలి, వేళ తప్పొద్దు, పళ్ళెంలో పెట్టింది పెట్టినంతే. నడిపించాలి. ఎదుగుదలకు ఇంజెక్షన్లున్నాయి, చూద్దాం. తాళం శిక్ష కాదు, దొరకదని తెలిస్తే పిల్ల మనసు వెతుకులాట మాని నెమ్మదిస్తుంది. ఇంకొకటి, ఈ పిల్లలకు వాంతి సులువుగా రాదు, నొప్పి కూడా మనలా తెలియదు. ఎక్కువ తింటే పొట్ట లోపల చిట్లిపోయినా చెప్పలేరు. ప్రాణం మీదికి వస్తుంది.

ఇమాంబీ కొంగు ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది.

తిరుగు బస్సులో జేబా తల్లి ఒడిలో నిద్రపోయింది. బస్సు షాద్‌నగర్ దాటింది. అప్పుడు హసీనాయే అంది.

“పొద్దున రొట్టెలు పెట్టినవు గద అత్తమ్మా.”

“సూసినవా?”

“సూసిన. కండ్లు మూసుకున్న, నిద్రపోలే.”

“మరెందుకు ఊకున్నవే?”

హసీనా కూతురి జుట్టు చెవి వెనకకు తోసింది. “నువ్వు వత్తితోని పాలు పిండేటప్పుడు రాత్రులు పక్కనే కూసున్న గద. నీ చెయ్యి నేనెట్ల పట్టి ఆపాలె?”

ఇమాంబీ ఏడ్చింది. బస్సులో ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చింది. ఇన్నేళ్ళుగా హసీనాను తాను ఎన్ని మాటలంది, వాడ చేత ఎన్ని అనిపించింది. కోడలు ఒక్కటి తిప్పి అనలేదు, పైగా తన చెయ్యి మీద గౌరవం పెట్టుకుంది. “నీకు పాలు లేక గాదంట” అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ. హసీనా తలూపింది. ఆమె కూడా ఈ రోజే విన్నది ఆ మాట.

*

మర్నాడు ఇమాంబీ దుకాణంలోకి వెళ్ళేసరికి హమీద్ మిషన్ మీద దూది ఏకుతున్నాడు. మూతికి గుడ్డ, కనుబొమల మీద తెల్లటి నూగు. ఆమె చెయ్యి ఊపితే మిషన్ ఆపాడు. ఆమె చుక్క గురించి చెప్పింది. అది ఎవరి వైపు నుంచి వచ్చినదాంట్లో లేదో చెప్పింది.

“నా దాంట్లనా?” అన్నాడు హమీద్. మూతి గుడ్డ తీసి చేతిలో నలిపాడు.

“ఎవరి తప్పూ గాదంట బిడ్డా. కని తొమ్మిదేండ్ల సంది హసీనాను అన్నం. తప్పు దానిది గూడ గాదు.”

అతను ఇంట్లోకి పోయాడు. హసీనా దోసకాయ కోస్తోంది. ఆమె చేతిలోంచి కత్తి తీసుకుని పక్కన కూర్చుని తానే కోయడం మొదలుపెట్టాడు. ముక్కలు వంకరటింకరగా వచ్చాయి. హసీనా వద్దనలేదు.

సాయంత్రం ఖాసీంబీ వచ్చింది. మొన్న పిల్లను జబ్బ పట్టి ఈడ్చినందుకు ఆమె మనసు పీకుతున్నట్టుంది. గిన్నె నిండా సేమియా పాయసం, పైన బాదం పలుకులు. “జేబాకే తెచ్చిన అక్కా. రంజాన్ల పసిపిల్లను తిట్టిన, రోజా ఏమైపాయెనో.”

రంజాన్‌లో గడపదాకా వచ్చిన గిన్నెను తిప్పి పంపడం ఆ వాడలో ఎవరూ చేయని పని. అది అన్నాన్ని అవమానించినట్టు, తెచ్చిన మనిషిని కొట్టినట్టు. ఇమాంబీ గిన్నెను రెండు చేతులతో అందుకుంది, కళ్ళకు అద్దుకుంది, మళ్ళీ ఖాసీంబీ చేతుల్లోనే పెట్టింది.

“తీస్కపో ఖాసీం. నీ పున్నెం నీకు దక్కింది. కని ఇది దాని కడుపుల పడితే విషమైతది.” వాకిళ్ళలో ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా చెప్పింది. “దానికి కడుపు నిండినట్టు తెలువదు. పుట్టుకతోనే తెలువదు. పెద్ద దవాఖానల ఫొటో తీసి సూపెట్టిండ్రు, నా కండ్లతోని సూసిన. ఇంకొకటి గూడ ఇనుండ్రి. హసీనాకు పాలు లేక గాదు. ఆ మాట నేనే అన్న. తప్పు అన్న.”

“ఆ తాళం మరి?” అంది ఖాసీంబీ, గిన్నెతో ఏం చేయాలో తోచక.

“తాళం నీకు కానస్తే నన్ను అడుగు. హసీనాను అడగకు.”

అజాన్‌కు ముందు చాప పరిచారు. మధ్యలో ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, గుగ్గిళ్ళు. జేబాకు వేరే పళ్ళెం: దోసముక్కలు, సగం జొన్నరొట్టె, కొన్ని గుగ్గిళ్ళు, ఒక ఖర్జూరం. పిల్ల తన చోట కూర్చుంది. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద తన బరువంతా వేసి కూర్చుంది. ఇమాంబీ ఆ కూర్చోవడం ఎన్నిసార్లు చూసిందో. అది పిల్లచేష్ట అనుకుంది. ఈ రోజు అర్థమైంది. చేతులు పోకుండా పిల్ల తానే వాటి మీద కూర్చుంటోంది.

ఇమాంబీ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. నాలుక పిడచకట్టింది, కళ్ళు తిరుగుతున్నాయి. అయినా ఆ ఆకలికి ఒక అంచు ఉంది, పొద్దు గుంకితే అయిపోతుంది. అది తెలుసు గనకే ఓర్చుకుంటోంది. ఆమె జేబా వైపు చూసింది. ఈ పిల్లకు పొద్దు గుంకదు. తొమ్మిదేళ్ళ పిల్ల, అంచు లేని ఆకలిని కూర్చోబెట్టి, దాని మీద తాను కూర్చుని, అందరితో పాటు అజాన్ కోసం చూస్తోంది. ఎవరూ చూడకుండా, ఎవరూ మెచ్చుకోకుండా. తన ఇన్నేళ్ళ రోజాలన్నీ కలిపినా దీని ఒక్క పూటకు సరితూగవని ఇమాంబీకి అనిపించింది. మనుమరాలిని చూసి మొదటిసారి ఆమెకు జాలి కలగలేదు. పెద్దవాళ్ళ ముందు నిలబడ్డప్పుడు కలిగే వినయం కలిగింది.

అజాన్ వినబడింది. అందరూ తిన్నారు. జేబా చేతులు బయటికి తీసి, పళ్ళెంలోదంతా చిటికెలో పూర్తి చేసి, మళ్ళీ చేతులు కింద పెట్టుకుంది. ఇమాంబీ ఖర్జూరం ముట్టలేదు. పిల్లనే చూస్తూ ఉండిపోయింది.

“అవ్వా, అజాన్ అయింది” అంది జేబా. వేళల దగ్గర ఆ పిల్ల ఎవరినీ వదలదు. “నువ్వు తినాలె.”

“తింట బిడ్డా.”

“ఇప్పుడే తినాలె.”

జేబా ఒక చెయ్యి బయటికి తీసింది. ఇమాంబీ పళ్ళెంలోంచి ఖర్జూరం తీసుకుంది. హసీనా కదలబోయి ఆగింది. పిల్ల కళ్ళు ఆ పండు మీదే ఉన్నాయి. ఖర్జూరాన్ని తన నోటి ముందు నుంచి దాటించి అవ్వ నోటికి అందించింది. ఇమాంబీ నోరు తెరిచి అందుకుంది. నమిలింది, మింగింది, నీళ్ళు తాగింది. తెలియకుండానే ఊపిరి వదిలింది.

జేబా ఆమె ముఖాన్ని దగ్గరగా చూస్తోంది.

“పోయిందా?”

“ఏంది బిడ్డా?”

“ఆకలి.”

“పోతాంది.”

“పోతే ఎట్లుంటది అవ్వా?”

ఇమాంబీ చెప్పబోయింది. ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి సాయంత్రం తనకు జరిగినదే, మాట మాత్రం దొరకలేదు. హసీనా వైపు చూసింది, హమీద్ వైపు చూసింది. వాళ్ళ చేతులు పళ్ళేలలోనే ఆగిపోయి ఉన్నాయి. జేబా చేతులు తొడల కింద సర్దుకుని, జవాబు కోసం ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది.